ఒకే ఇంట్లో మూడు రకాల కంప్యూటర్లు

నాన్నది విండోస్, అమ్మాయిది మ్యాక్, అబ్బాయిది లైనక్స్. పెళ్లి ఫొటోలు ఒకదాంట్లో ఉంటే మిగతావాళ్లు పెన్‌డ్రైవ్ కోసం వెతుక్కోవాల్సిందేనా? అక్కర్లేదు. మూడూ ఒకే వైఫైలో ఉంటే చాలు.

ఈ మూడింటికీ తెలిసిన ఉమ్మడి పద్ధతి ఎస్‌ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టిన దీన్ని మైక్రోసాఫ్ట్ పెంచి విండోస్‌లో పెట్టింది. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, నెట్‌వర్క్‌లో వచ్చీపోయే సమాచారాన్ని గమనిస్తూ యూనిక్స్ కోసం ఒక ప్రోగ్రామ్ రాశాడు. అదే తర్వాత ఎస్‌ఎంబీతో ఫైళ్లు పంచే సాంబాగా ఎదిగింది. ఇవాళ లైనక్స్‌లో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2013లో ఆపిల్ కూడా ఎస్‌ఎంబీకే పెద్దపీట వేసింది.

చేయాల్సింది కొంచెమే. విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ ఎంచుకోవాలి. మ్యాక్‌లో ఫైండర్ తెరిచి, కమాండ్, కె మీటలు కలిపి నొక్కి, ఎస్‌ఎంబీ అక్షరాలు, కోలన్, రెండు స్లాష్‌లు, ఆ వెంటనే విండోస్ కంప్యూటర్ ఐపీ అడ్రస్ టైప్ చేయాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే ఫోల్డర్ తెరుచుకుంటుంది.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. 2017 మేలో వానాక్రై వైరస్ ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం గుండానే దేశదేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటినీ తాకింది. అందుకే ఆ మొదటి వెర్షన్‌ను ఆఫ్‌లోనే ఉంచాలి, అప్‌డేట్లు వాయిదా వేయకూడదు, పాస్‌వర్డ్ లేకుండా ఏ ఫోల్డరూ షేర్ చేయకూడదు.