చిత్రయాత్ర
(భుయ్యాడీహ్ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఈ భుయ్యాడీహ్‌లోనే సువర్ణరేఖా నది ఒడ్డున పెరిగినవాడను. మా తండ్రిగారు శ్రీకాకుళము ప్రాంతమునుండి ఉక్కు కర్మాగారములో పనికై వచ్చి ఇక్కడ స్థిరపడిరి. నేను ఇరువది సంవత్సరములకు పైగా కేంద్ర సచివాలయములో ఫైళ్ళమీద నోట్లు వ్రాయుచున్నాను. అట్టివానిని చిత్రకళను గూర్చి మాటాడుమని కోరుట మన కార్యదర్శిగారి ధైర్యమునకు నిదర్శనము. నేను చిత్రకారుడను కాను, పండితుడను అసలే కాను. ఒక యాత్ర చేసి వచ్చితిని. అందు నాకు బోధపడిన ఒక సంగతిని మీకు విన్నవించుటకే నిలబడితిని.

క్రిందటి సంవత్సరము మా కార్యాలయములో ఒక మిత్రుడు నాకొక కరపత్రమును చూపెను. ఇటలీ దేశములోని ఫ్లారెన్సు, సియేనా, వెనిసు నగరములకు యాత్ర. ఒక చిత్రకళోపాధ్యాయుడు వెంట నుండి ఉదయము చిత్రలేఖనము నేర్పునట, సాయంకాలము చారిత్రక స్థలములను చూపునట. రుసుము చదివి మేమిద్దరమును ఆ కాగితమును మడచి యథాస్థానమున ఉంచితిమి. కాని ఆ పద్ధతి నా మనస్సును వదలలేదు. ఊరు చూచుటకు కుంచె ఎందులకు? కన్నులు చాలవా?

ఆలోచింపగా ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్తది కాదని జ్ఞప్తికి వచ్చినది. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు. దామెర్ల రామారావు అను బాలునిలోని ప్రజ్ఞను గుర్తించి, అతనిని అజంతా గుహలకు తీసికొనిపోయెను. యూరపు చిత్రములే చిత్రములని చెప్పి ఊరకుండుటకు ఆయనకు అడ్డేమియు లేదు. అయినను ఆ బాలుని ఈ దేశపు గోడల యెదుట నిలిపెను. రామారావు 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి, 1925లో ఇరువది ఎనిమిదేండ్లయినను నిండకమునుపే స్వర్గస్థుడయ్యెను. ఆయన చిత్రములు నేటికిని ఆ ఊరిలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఉన్నవి.

ఇటలీకి పోలేనివాడు తన ఇంటి గోడలనైనను చూడవలెను గదా! డిసెంబరులో ఎల్.టి.సి. మంజూరు కాగానే నాలుగు కుటుంబములవారము కలిసి లేపాక్షికి బయలుదేరితిమి. మా బృందములో పదవీ విరమణ చేసిన ఒక డ్రాయింగు మాష్టారు ఉండిరి. ఆయనయే మాకు మార్గదర్శి. బెంగుళూరునుండి రైలులో హిందూపురము చేరి, అచటినుండి సుమారు 15 కిలోమీటర్లు రోడ్డుమీద పోయితిమి. మాష్టారు పెట్టిన నియమము ఒక్కటే: మొదటి రెండు గంటలు ఎవ్వరును ఫొటోలు తీయరాదు. ప్రతివారును ఒక్క బొమ్మను ఎన్నుకొని కాగితముమీద వేయవలెను.

లేపాక్షి వీరభద్రాలయములోని నాట్యమండపమున ఒక స్తంభము కలదు. దాని అడుగు భాగము నేలకు పూర్తిగా ఆనదు. వచ్చినవారందరును దాని క్రింద వస్త్రమును ఇటునుండి అటు లాగి, ఆశ్చర్యపడి, ఫొటో తీసికొని వెడలిపోవుచుందురు. వారి తలలకు పైననే పార్వతీ కల్యాణము, కిరాతార్జునీయము, వటపత్రశాయి మొదలైన చిత్రములు పైకప్పునిండ పరచుకొని యున్నవి. తల యెత్తినవారు బహు స్వల్పము. నియమము లేకున్నచో నేనును తల యెత్తి యుండను.

నేను ఒక స్త్రీ చీర అంచును ఎన్నుకొంటిని. ఇది సులభమని నా అంచనా. మూడు మారులు తప్పితిని. నాలుగవ మారు గాని ఒక సంగతి తెలియలేదు: ఆ వరుసలోని స్త్రీల చీరలలో ఒకదాని అల్లిక మరియొకదానికి లేదు. గళ్ళు, చారలు, పువ్వులు వేరువేరు. ఎఱ్ఱ మన్ను, పచ్చ మన్ను, సున్నపు తెలుపు, మసి నలుపు, కొంచెము ఆకుపచ్చ – ఇన్ని కొద్ది రంగులతో అంత వైవిధ్యము! నల్లని గీత ఎక్కడను తడబడలేదు. మెడ నొప్పి పుట్టగా మాష్టారి సలహాపై కావలివాని అనుమతి తీసికొని నేలమీద వెల్లకిల పరుండి వేసితిని. ఒక గెజిటెడు ఆఫీసరు అట్లు పరుండి యుండుట చూచి మా ఇంటివారు ఎంత నవ్విరో చెప్పజాలను.

ఈ చిత్రములు విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలమునాటివి. ఆయన 1529 మొదలు 1542 వరకు ఏలెను. రోములో మైకెలాంజిలో తుది తీర్పు చిత్రమును వేసినది 1536–1541 నడుమ. అనగా రెండు దేశములలోను అవే సంవత్సరములలో చిత్రకారులు పరంజాలెక్కి యుండిరన్నమాట. పద్ధతి మాత్రము వేరు. ఇటలీవారు తడి సున్నముమీద, ఒక్క దినమున ముగింపగలిగినంత భాగమే పూసికొని చిత్రించిరి. సున్నము ఆరునప్పుడు రంగు గోడలో లీనమగును. లేపాక్షిలో ఆరిన పూతమీద రంగు వేసిరని పండితుల మతము. కనుక రంగు పైపొరగానే నిలిచినది. తేమ తగిలినను, పూత వదలినను అది రాలిపోవును. ఎన్నో చోట్ల ముఖములు సగము మాయమై యుండుట మేము చూచితిమి.

ఆ ఆలయమును కట్టించిన విరూపణ్ణ పెనుగొండలో రాజ్య కోశాధికారి. మనవంటి ఉద్యోగి! అనుమతి లేకుండ ధనాగారపు సొమ్మును ఆలయమునకు వెచ్చించెనని రాజు ఆగ్రహింపగా, తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెనని ఐతిహ్యము. అసంపూర్ణముగా మిగిలిన కల్యాణ మండపము దగ్గర రెండు ఎఱ్ఱని మచ్చలను నేటికిని చూపుదురు. ఆడిట్ అభ్యంతరములు ఎంత పాతవో చూడుడు!

మా అమ్మాయికి పదమూడేండ్లు. తెలుగు మాటాడును గాని చదువలేదు. ఈ కథ విని మిక్కిలి నొచ్చుకొన్నది. పైకప్పు చిత్రములలో విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ భక్తులుగా చిత్రితులై యున్నారని మాష్టారు చూపగా, ఆమె ఆ బొమ్మనే వేయుటకు కూర్చున్నది. చాలసేపటికి, "నాన్నా, ఈయనకు కన్ను ఉన్నదే!" అన్నది. నేనును చూచితిని. పెద్ద కన్ను, తెరచియున్నది. కథ ఆ కన్నులను పోగొట్టినను చిత్రకారుడు నిలిపియుంచెను. ఆ దినమున ఆమె బొమ్మ క్రింద "విరూపణ్ణ" అని తెలుగులో వ్రాయించుకొని, ఆ అక్షరములను తానే పదిమారులు దిద్దుకొన్నది. ఏండ్ల తరబడి నేను బ్రతిమాలినను పట్టని పలకను లేపాక్షి పట్టించినది.

1966 నవంబరు 4వ తేదీన ఆర్నో నది పొంగి ఫ్లారెన్సు నగరమును ముంచెత్తినది. చిమాబూయే వ్రాసిన సిలువ చిత్రమునకు తీరని నష్టము వాటిల్లినది. అపుడు అనేక దేశముల యువకులు వచ్చి, బురదలో దిగి, చిత్రములను గ్రంథములను చేతులతో మోసి రక్షించిరి. తాము తెలిసికొని ప్రేమించిన దానికొఱకే మనుష్యుడు బురదలో దిగును. లేపాక్షిలో రంగు మెల్లగా, చప్పుడు లేకుండ రాలుచున్నది. దాని యెదుట ఒక గంట కూర్చుండినవారు మనలో ఎందరున్నారు? కూర్చుండనివారికి అది పోయినను తెలియదు.

కావున నాదొక మనవి. మన సంఘము ఏటేటా వనభోజనములు చేయుచున్నది; సంతోషము. ఈ సంవత్సరము పిల్లలకు తలకొక పుస్తకము, పెన్సిలు ఇచ్చి, మొదట సువర్ణరేఖ ఒడ్డున కూర్చుండబెట్టుదము. పిమ్మట మన జిల్లాలోనే అమడుబీ గ్రామమున పైట్‌కర్ పటములు చిత్రించు కుటుంబముల ఇండ్లకు తీసికొనిపోవుదము. వచ్చే సెలవులలో లేపాక్షి. ఇటలీకి పోగలవారు తప్పక పోవలెను. కాని ఇచట చూచుట నేర్చినవారికే అచట కనబడును.

నా చీర అంచు బొమ్మ ఏమైనదని కొందరు అడిగిరి. బాగుగా లేదు. అయినను కార్యాలయపు మేజా అద్దము క్రింద ఉంచితిని.