పేరూ చిరునామా ఒకే మాట చెప్పాలి



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది త్వరలో సర్వర్ల బాధ్యత తీసుకోబోతున్నారు. అందుకే ఇవాళ ఒక చిన్న రికార్డు గురించి మాట్లాడతాను. దాని పేరు పీటీఆర్.

పేరు ఇస్తే డీఎన్ఎస్ ఐపీ చిరునామా చెబుతుందని మీకు తెలుసు. ఐపీ ఇస్తే పేరు చెప్పేది రివర్స్ డీఎన్ఎస్. 192.0.2.25 ఎవరిదో తెలియాలంటే అంకెల వరుస తిరగేసి, 25.2.0.192.ఇన్-యాడర్.ఆర్పా దగ్గర అడగాలి. అక్కడ దొరికేదే పీటీఆర్.

మెయిల్‌కి దీనితో పనేమిటి? 1982 నాటి ఎస్ఎంటీపీలో పంపే సర్వర్ ముందుగా హలో చెప్పి తన పేరు చెప్పుకుంటుంది. గుమ్మానికి ఏ పేరు బోర్డైనా తగిలించుకోవచ్చు, ఇదీ అంతే. కానీ కనెక్షన్ ఏ ఐపీ నుంచి వచ్చిందో అందుకునే సర్వర్‌కు కనబడుతూనే ఉంటుంది. అది ఆ ఐపీకి పీటీఆర్ అడుగుతుంది. వచ్చిన పేరును మళ్లీ ఐపీగా మార్చి చూస్తుంది. బయల్దేరిన చోటికే తిరిగొస్తే సరే. లేకపోతే 550 5.7.25 అనే ఎర్రర్ కోడ్‌తో ఉత్తరాన్ని తిరస్కరించవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి, తనకు మెయిల్ పంపేవారందరికీ ఈ రెండు వైపుల రికార్డులూ సరిగ్గా ఉండాలని జీమెయిల్ నిబంధన పెట్టింది.

ఈ తనిఖీకి విలువ ఎక్కడుందంటే, డొమైన్ మీదే అయినా పీటీఆర్ మీ చేతిలో ఉండదు. ఐపీని కేటాయించిన ఇంటర్నెట్ ప్రొవైడరో, క్లౌడ్ సంస్థో పెట్టాలి. లేదా ఆ అధికారం మీకు అప్పగించాలి. అంటే మీ మాటకు ఇంకొకరు పూచీ పడుతున్నారన్నమాట. వైరస్ సోకి స్పామ్ చిమ్మే ఇళ్లలోని కంప్యూటర్లకు ఆ పూచీ ఉండదు. పీటీఆర్ అసలు లేకపోవడమో, ఐపీ అంకెలతోనే కట్టిన పేరుండటమో జరుగుతుంది.

పీటీఆర్ ఉన్నంత మాత్రాన మంచి సర్వర్ అని రుజువు కాదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఇతర మెయిల్ తనిఖీలు కూడా కావాలి. కానీ ఇది లేకపోతే చాలాచోట్ల వాటిదాకా వెళ్లే అవకాశమే రాదు. ఇంకో మాట: ఐపీవీ4కి అన్నీ సరిచేసి ఐపీవీ6ని మరిచిపోతే, సర్వర్ ఆ దారిన పంపిన ఉత్తరాలు మాత్రం ఆగిపోతాయి. సగం వెళ్లి సగం ఆగే ఇలాంటి జబ్బును పట్టుకోవడం కష్టం.

మెయిల్‌లో వచ్చే హాల్‌టికెట్ కోసం, ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూసే పిల్లలకు పీటీఆర్ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తెలుసుకోవలసింది మీరు. సర్వర్ పెట్టిన రోజే డిగ్ మైనస్ ఎక్స్ కమాండ్ కొట్టి చూడండి. తేడా ఉంటే ప్రొవైడర్‌కు రాయండి, సరయ్యేదాకా వెంటపడండి. ఈ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అయినా చేయండి; మీ పట్టా మీద జనం పెట్టుకున్న నమ్మకం ఇలాంటి పనులతోనే నిలుస్తుంది.