కూనపులివారి గానబృందము



ఈ సూరతులో లింబాయత్ వైపు పోయినవారికి మరమగ్గముల చప్పుడు నడుమ తెలుగు మాట వినబడును. తెలంగాణము నుండి వచ్చి స్థిరపడిన పద్మశాలీలు అక్కడ అనేకులు. ఈ నేతవారి కొరకు పాడుటయే వృత్తిగా గల యొక చిన్న గానబృందమును గూర్చి నేడు మనవి చేయుదును. వారే కూనపులివారు.

తెలంగాణమున పెక్కు కులములకు తమ కులగాథను గానము చేయు ఆశ్రితులు గలరు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టీలు, పద్మశాలీలకు కూనపులివారు. వీరు పాడునది మార్కండేయ పురాణము. సంస్కృతమున ఆ పేరు గల గ్రంథము కాదిది. మార్కండేయుని కుమారుడైన భావనాఋషి తామరతూడుల దారముతో దేవతలకు వస్త్రములు నేసిన కథ.

బృందమున కొద్దిమందియే యుందురు. చేర్యాల నకాశీ చిత్రకారులు వ్రాసిన గుడ్డపటమును వ్రేలాడగట్టి, పెద్ద కథకుడు కోలతో బొమ్మలను చూపుచు పాడును. తక్కినవారు తాళములతో, మద్దెలతో వంత పాడుదురు. పటము గజముల కొలది పొడవు. కథ సాగినకొలది దానిని విప్పుచు పోవుదురు.

ఈ గానమునకు టిక్కెట్టు లేదు. ఏ యూర ఏ కుటుంబము పాడవలెనో మిరాశీగా నిర్ణయమై యుండెను. అన్నదమ్ములు వేరుపడినపుడు పొలములవలె ఊళ్లను పంచుకొనెడివారు. కథ చెప్పినవారికి ధాన్యమో, ధనమో, వస్త్రమో యిచ్చుట నేతవారి విధి. అది భిక్షము కాదు, హక్కు. మన నెల జీతము మనకెట్టిదో, అది వారికట్టిది.

మరమగ్గము చేతిమగ్గమును నెట్టివేయగా నేతవారు షోలాపురము, భివండి, సూరతు చేరిరి. మిరాశీ ఊర మిగిలెను. దానిని చెల్లించువారు ఊరు విడిచిరి. గాయకుల బిడ్డలలో పలువురు ఇతర పనులకు పోయిరి. 2016 నుండి సిద్దిపేట జిల్లాలో నున్న చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపు లభించినది. అవి చిన్న చిత్రములుగా గృహాలంకారమునకు అమ్ముడగుచున్నవి. సంతోషమే. కాని బొమ్మ గోడకెక్కినంతనే పాట బ్రతుకదు.

పాటను రికార్డు చేసి యుంచిన చాలదా యని కొందరందురు. చేయవలసినదే. అయితే రికార్డు పాటను దాచును గాని మరియొక గాయకుని తయారు చేయదు. కుఱ్ఱవాడు వంత పాడుచునే కథ నేర్చుకొనును. వంత పాడవలెనన్న ఎవరైనను పిలువవలెను గదా!

కావున నాదొక్క మనవి. రానున్న ఉత్సవమునకు ఒక కూనపులి బృందమును దారిఖర్చులతోను, తగిన ప్రతిఫలముతోను పిలుతము. పది నిమిషముల వేడుకగా కుదింపక, వారికి వలసిన రాత్రులన్నియు ఇత్తము. సభను లింబాయత్‌లోనే యుంచి, నేతవారి ప్రక్కన కూర్చుండి మనమును విందము. ఊర మిగిలిపోయిన ఆ హక్కు అపుడు సూరతునకును వచ్చినదగును.