మన పళ్లెంల ఏది ఎక్కడిది?

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద విషయాలు చెప్పే వక్తలు మా వెనుక ఉన్నరు. మేము తిండి గురించి నాలుగు ముచ్చట్లు చెప్పి కూర్చుంటం.

హాస్టల్ రోజుల్లో ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెను డబ్బా మూత చాటున పెట్టుకొని తినేవాళ్లం. తెల్లన్నంల ఆవకాయ కలుపుకునేటోళ్లు మమ్మల్ని చూసి 'గట్క బ్యాచ్' అని నవ్వేటోళ్లు. మేము తల దించుకున్నం. తిండి చరిత్ర తెలిసి ఉంటే అప్పుడే జవాబు చెప్పేవాళ్లం.

ముందు ఆ ఆవకాయనే చూద్దాం. అందులో కారం తీసేస్తే మిగిలేదేంది? మిరప పుట్టింది అమెరికా ఖండంల. 1492ల కొలంబస్ అటు పోయినంకనే అది బయటి లోకానికి తెలిసింది. పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మన తాతముత్తాతలు మిరపకాయ మొఖమే చూడలేదు. కారమంటే మిరియాలే. 1498ల వాస్కో డ గామా కాలికట్ రేవుల దిగిందీ ఆ మిరియాల కోసమే. కొత్త కాయకు మనోళ్లు పాత మిరియం పేరే తగిలించిన్రు.

టమాట, ఆలుగడ్డ, పల్లికాయ, జామకాయ కూడ అక్కడియే. మక్కలూ అంతే. అచ్చమైన పల్లె తిండి అనుకునే మక్క గట్క కూడ సముద్రం దాటి వచ్చిందే!

చింతపండు కథ ఇంకా విచిత్రం. ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. అరబ్బులేమో దాన్ని 'తమర్ హింది' అన్నరు, అంటే హిందుస్థాన్ ఖర్జూరం. ఇంగ్లీషు 'టామరిండ్' అందులోంచి వచ్చిందే. మన హలీంకు మూలం అరబ్బుల హరీస్. అయినా 2010ల హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ ఊరు దానికిచ్చిన రుచికి దక్కిన గౌరవమది.

ఇక మా జొన్న. అదీ ఆఫ్రికాదే, సూడాన్ వైపు నేలల్లో సాగుకు వచ్చింది. కాని ఇక్కడికి చేరి వేల ఏండ్లయింది. అంటే నవ్వినోళ్ల ఆవకాయ కంటె నవ్వులపాలైన మా రొట్టెనే పాతకాపు!

మరి అది పళ్లెంల నుంచి ఎట్ల పోయింది? 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. పేదోని కడుపు నింపింది, కాదనం. కాని రేషన్ దుకాణంల జొన్నకు జాగ దొరకలె. నీళ్లున్న కాడ వరి, లేని కాడ పత్తి పెరిగినయి. వాన మీద బతికే జొన్నచేను చిన్నగైంది, పశువులకు చొప్ప కరువైంది.

1972ల పటాన్‌చెరుల పెట్టిన ఇక్రిసాట్ విత్తన భాండారంల 35 వేలకు పైగా జొన్న నమూనాలు భద్రంగ ఉన్నయి. లోకం దాచిపెట్టుకున్నదాన్ని చూసి మనం సిగ్గుపడ్డం. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగ జరిపింది. ఇప్పుడు పట్నంల సాయంత్రమైతే రొట్టెలు కొట్టే అక్కల పొయ్యి ముందట జనం నిలబడుతున్నరు. ఆ జనంల నాడు నవ్వినోళ్లూ ఉన్నరు!

మిత్రులారా, తిండి ఎక్కడ పుట్టిందన్నది కాదు లెక్క. ఎవరి చెమటతోని పండింది, ఎవరి చేతుల రొట్టె అయింది అన్నదే లెక్క. ఇంకొకరి పళ్లెం చూసి నవ్వొద్దు, మన పళ్లెం చూసి సిగ్గుపడొద్దు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వ పక్కన కూసోండి. మన చెల్కల పచ్చజొన్న పండేదా, తెల్లజొన్న పండేదా, గట్క ఎట్ల వండేది అని అడిగి నోటుబుక్కుల రాసుకోండి. అవ్వ ఉన్నప్పుడే అడగాలె.