మన శరీరం మనకు అప్పగించిన అమానత్

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. ఫలితాల శాతాలు, ర్యాంకులు మీరు వింటూనే ఉంటారు. బడిలో మేము రోజూ చూస్తూ కూడా బయటికి చెప్పని సంగతి ఒకటుంది. మన పిల్లలు తమ ఒంటిని తామే అసహ్యించుకుంటున్నారు. ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

కొన్నేళ్ళ కిందట మేము పనిచేస్తున్న బడిలో యూనిఫాంల పంపిణీ జరిగింది. దాతలు మంచి మనసుతో ఇచ్చారు. తరగతికొక కొలత చొప్పున అన్నీ ముందే కుట్టించి తెచ్చారు. ఎనిమిదో తరగతిలో కాస్త బొద్దుగా ఉండే అమ్మాయి ఒకతి ఉండేది. పేరు పిలవగానే వేదిక మీదికి వచ్చింది. కమీజు ఒంటికి ఆనించి చూస్తే భుజాల దగ్గరే చాలలేదు. "ఈ పిల్లకు రెండు జతలు కలిపి కుట్టాలి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో టీచర్లం మేమూ ఉన్నాం. ఆ అమ్మాయి కూడా నవ్వింది. అందుకే జరిగింది తప్పని మాకప్పుడు తోచలేదు.

ఆ తర్వాత పది రోజులు బడికి రాలేదు. జ్వరమని కబురు పంపారు. వచ్చాక మధ్యాహ్న భోజనం వరుసలో నిలబడడం మానేసింది. ఏమమ్మా అంటే "రోజా ఉన్నాను టీచర్" అనేది. రంజాన్ కాదు కదమ్మా అంటే "నఫిల్ రోజా" అనేది. ఎంత భక్తి గల పిల్ల అని మేము మెచ్చుకున్నాం కూడా. ఒకరోజు ఉదయం అసెంబ్లీలో కళ్ళు తిరిగి పడిపోయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే రక్తం 7 గ్రాములే ఉందన్నారు. వాళ్ళమ్మ పరుగున వచ్చింది. ఆమె కళ్ళొత్తుకుంటూ చెబితే తెలిసింది. ఆ కమీజును పిల్ల ట్రంకుపెట్టెలో దాచుకుని, రోజూ రాత్రి తీసి వేసుకుని చూసుకునేదట. అది పట్టేదాకా తినకూడదని పంతం పట్టిందట.

డి.ఎడ్., బి.ఎడ్. లలో మేము బాలల మనస్తత్వశాస్త్రం చదువుకున్నాం. పరీక్షలో మంచి మార్కులూ తెచ్చుకున్నాం. ఆ రోజు ఆ చదువు ఏమైందో మమ్మల్ని మేమే అడుగుకోవలసి వచ్చింది.

ఈ అసహ్యం పిల్లలకు ఎక్కడి నుంచి వస్తోంది? ముందు మన ఇళ్ళలోంచే. బండది, నల్లది, పుల్ల, పొట్టోడు అని పిలుస్తాం. ప్రేమతోనే కదా అంటాం. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, కించపరిచే పేర్లతో పిలవవద్దని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరాలో స్పష్టమైన ఆదేశం ఉంది. పేరు పెట్టేవాడి ప్రేమను అది మినహాయించలేదు.

తర్వాత పెళ్ళి సంబంధాలు. "పిల్ల మంచిదే, రంగు కొంచెం తక్కువ" అనే మాట మన ఇళ్ళలో ఎన్నిసార్లు విన్నాం! రంగు తగ్గితే అడిగే రొక్కం పెరుగుతుంది. పక్కగదిలో ఉన్న పదేళ్ళ పిల్లకు అది వినబడుతూనే ఉంటుంది. రేపు తన ధర ఎంతో అప్పుడే లెక్క వేసుకుంటుంది. అందుకే తొమ్మిదో తరగతి పిల్లల పుస్తకాల సంచుల్లో తెల్లబరిచే క్రీములు కనబడుతున్నాయి. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ మందు ఉంటుంది. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండ దెబ్బ నుంచి మనల్ని కాపాడుతుంది. దేవుడిచ్చిన గొడుగును డబ్బు పెట్టి చించుకుంటున్నామన్నమాట.

మూడోది తెర. పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషినే అందగత్తె అనుకునేవారు. 1995లో అక్కడి నద్రోగా ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అక్కడి బడిపిల్లలను ఆ సంవత్సరం ఒకసారి, 1998లో మరోసారి పరిశీలించారు. సన్నబడడానికి తిన్నది కావాలని వాంతి చేసుకునే పిల్లలు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్ళ తర్వాత నూటికి 11 మంది తేలారు. అది టీవీ కాలం. ఇప్పుడు మన పిల్లల అరచేతిలోనే ఫోన్ ఉంది. ముఖాన్ని నున్నగా, తెల్లగా మార్చే ఫిల్టర్ అందులోనే ఉంది.

మగపిల్లలకూ ఈ బాధ తప్పలేదు. మీసం రాలేదని, ఛాతీ లేదని, పొట్టిగా ఉన్నామని కుమిలిపోతున్నారు. జిమ్‌లో ఎవరో చెప్పిన పొడులు కొనుక్కుంటున్నారు. ఆడపిల్లలు సాధారణంగా మగపిల్లల కంటే రెండేళ్ళు ముందే ఎదుగుతారు. రజస్వల అయ్యే వయసులో ఒంట్లో కొంత కొవ్వు చేరడం ప్రకృతి ధర్మం. ఈ చిన్న సంగతి ముందే చెబితే సగం దిగులు తగ్గుతుంది. మనం సిగ్గుపడి చెప్పం, ఫోన్ ఇంకోటి చెబుతుంది.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) కథ మనలో చాలామందికి తెలుసు. మిస్వాక్ పుల్ల కోసం చెట్టెక్కితే గాలికి వస్త్రం తొలగి, ఆయన సన్నటి పిక్కలు కనబడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దైవప్రవక్త (స) అడిగారు. తీర్పుదినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహుద్ కొండకన్నా బరువు తూగుతాయని చెప్పారు. ఆయన కాళ్ళు సన్నగా లేవని ప్రవక్త (స) అనలేదు. అందంగా ఉన్నాయనీ అనలేదు. దేనితో తూచాలో నవ్విన వాళ్ళకు నేర్పారు. ఆ రోజు యూనిఫాంల వేదిక మీద మేము నేర్వలేకపోయిన పాఠం అదే.

శరీరంతో రాజీపడడమంటే ఆరోగ్యాన్ని గాలికి వదిలేయడమని ఎవరూ అనుకోవద్దు. మా ఈడు ఆడవాళ్ళకు మోకాళ్ళు నొస్తున్నాయి, షుగర్ వస్తోంది. మేమూ అద్దంలో చూసుకుని నిట్టూర్చిన వాళ్ళమే. కానీ శరీరం అమానత్. ఒకరు నమ్మి అప్పగించిన వస్తువును తిట్టం, పస్తులుంచం, పాడుచేయం. రోజూ నడుస్తాం, వేళకు తింటాం, పరీక్షలు చేయించుకుంటాం. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అసలే రక్తం లేని పిల్లలు సన్నబడాలని అన్నం మానేస్తే ఏమవుతుందో మేము కళ్ళారా చూశాం.

దాతలకు మా విన్నపాలు మూడే. యూనిఫాం ఇచ్చే ముందు ప్రతి పిల్లకూ విడిగా, ఒక గదిలో, ఆడ టైలరు చేత కొలతలు తీయించండి. వేదిక మీద ఒంటికి ఆనించి చూసే పద్ధతి మాన్పించండి. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించి, ఫలితం తల్లికి మాత్రమే చెప్పే ఏర్పాటు చేయండి. మీ ఇళ్ళకు సంబంధాలు చూసేటప్పుడు రంగు మాట ఎత్తకండి. మూడోదానికి పైసా ఖర్చు లేదు, కానీ కష్టమైనది అదే.

ఆ అమ్మాయిని తర్వాత మేమే టైలరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. టేపు చూడగానే బిగుసుకుపోయింది. "బట్ట నీకు సరిపోవాలమ్మా, నువ్వు బట్టకు సరిపోనక్కర్లేదు" అని చెప్పాం. అందరి ముందూ నవ్వినందుకు మన్నించమని అడిగాం. టీచర్లు పిల్లలను మన్నింపు అడగడం మా బడిలో అదే మొదలు. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు భోజనం వరుసలో చివరన నిలబడింది. పదో తరగతి ప్యాసై వెళ్ళింది. గ్రూపు ఫోటోలో మాత్రం వెనక వరుసలోనే, ఇద్దరి మధ్య సగం కనబడకుండా నిలబడింది. ఒక్కరోజు నవ్విన నవ్వు తుడిచిపెట్టడానికి రెండేళ్ళు సరిపోలేదు.

మన పిల్లలు ముందు వరుసలో నిలబడే రోజు రావాలని, అందుకు అల్లాహ్ మనందరికీ సద్బుద్ధి ప్రసాదించాలని దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాం. ఆమీన్.