ఆసుపత్రి చేరేలోగా



ప్రథమ చికిత్స అనగానే దూది, గాజుగుడ్డ, టింక్చరు సీసా ఉన్న పెట్టె ఒకటి కళ్లముందు మెదులుతుంది. అది ఇంట్లో ఉంటే మంచిదే. కాని మన కర్నూలు, కడప పల్లెల్లో ప్రాణం మీదికి వచ్చే ఆపదలకు ఆ పెట్టెతో పెద్దగా పని పడదు. కావలసినవి చల్లని నీళ్లు, శుభ్రమైన గుడ్డ, ఆలస్యం చేయని మనసు. ఏం చేయాలో తెలియడం ఎంత అవసరమో, ఏం చేయకూడదో తెలియడం అంతకన్న అవసరం.

ముందుగా పురుగు ముట్టిన సంగతి చెప్పుకుందాం. రాత్రిపూట పాము అని పేరు పెట్టి అనడానికి మన పెద్దలు జంకి, పురుగు అనేవారు. మనది రాతినేల. ఇంటిముందు పరిచేవి బేతంచెర్ల బండలు, కడప బండలు. దొడ్డి చుట్టూ పేర్చేవీ రాళ్లే. ఆ సందుల్లో ఎలుకలు, ఎలుకల వెంట పాములు, బండల కింద తేళ్లు చేరుతాయి. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దేశం మొత్తం మీద పాముకాటుతో ఏడాదికి సుమారు 58 వేలమంది చనిపోతున్నారని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. వారిలో చాలామంది పల్లెవాళ్లే.

ఈ నాలుగింటిలో కట్లపాము తీరు వేరు. నేలమీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. "రాత్రి తిన్నది పడలేదేమో" అని వాము నీళ్లు తాగించి కూర్చోరాదు. రెప్పలు వాలుతున్నాయంటే వెంటనే బయలుదేరవలసిందే.

కాటు పడినప్పుడు మనవాళ్లు మొదట చేసే పని పైన తాడు బిగించి కట్టడం. అది వద్దు. రక్తం ఆడక కాలో చెయ్యో కుళ్లిపోయే ప్రమాదం ఉంది. బ్లేడుతో కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు పోయవద్దు. పామును వెతికి చంపడానికి పొద్దు పోగొట్టవద్దు. మనిషికి ధైర్యం చెప్పి కదలకుండా పడుకోబెట్టండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆనించి, గుడ్డతో వదులుగా కట్టండి. ఉంగరాలు, గాజులు, కడియాలు, మెట్టెలు తీసేయండి. వాపు వస్తే అవే ఉరితాళ్లవుతాయి. మెట్టెలు తీయడం అశుభమని అత్తగారు అడ్డు చెబితే, "ప్రాణం నిలిస్తే రేపు మళ్లీ పెట్టుకుంటుంది లేత్తా" అని చెప్పండి. నడిపించకుండా మోసుకుపోండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

మంత్రం వేస్తే దిగింది కదా అని అడిగేవారున్నారు. నిజమే, కొందరు బతుకుతారు. ఎందుకంటే కరిచిన పాములన్నీ విషమున్నవి కావు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. అలాంటివాళ్లు మంత్రం లేకున్నా బతికేవాళ్లే. నిజంగా విషం ఎక్కినవాళ్లకు మాత్రం మంత్రానికి పోయిన గంట తిరిగి రాదు. విషానికి విరుగుడు మందు ఒక్కటే. ఆ మందు తయారీకి కావలసిన విషాన్ని తమిళనాడులో చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పాముల నుంచి తీసి ఇస్తూ వచ్చింది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు. నాలుగు పాములకూ అదే మందు. కాబట్టి ఏ పాము కరిచిందో తెలియదని ఆగనక్కరలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు కొంచెం రక్తం తీసి గాజుగొట్టంలో పోసి 20 నిమిషాలు అలాగే ఉంచుతారు. చూసేవాళ్లకు ఊరికే నిలబడినట్టు ఉంటుంది. కాని అది పరీక్షే. ఆ రక్తం గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని తెలుస్తుంది. ఆ కాసేపు గొడవ పడకుండా ఓపిక పట్టండి.

ఇక తేలు. కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం కొండలరాయుడి కొండమీద భక్తులు తేళ్లను చేత పట్టి స్వామికి సమర్పిస్తారు. ఆ భక్తి వేరు, ఇంట్లో పసిబిడ్డను కుట్టిన తేలు వేరు. పెద్దవాళ్లకు చాలాసార్లు నొప్పితో పోతుంది. చల్లని నీళ్లలో ముంచిన గుడ్డ వేస్తే కొంత ఉపశమనం. కాని చిన్నపిల్లలను ఎర్రతేలు కుట్టి, ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లు చేతులు చల్లబడటం, ఆయాసం కనిపిస్తే అది గుండెకు తగులుతున్నదని అర్థం. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే బీపీ మాత్రతో ఇలాంటి పిల్లలను బతికించి చూపారు. ఆ మాత్ర మనంతట మనం వేసేది కాదు, డాక్టరు దగ్గర ఉండి వేయవలసినది.

మూడోది కాలిన గాయం. కట్టెలపొయ్యి అయినా, గ్యాసుపొయ్యి అయినా, ఎసరు గిన్నె అయినా మందు ఒక్కటే: నీళ్లు. కాలిన చోట 20 నిమిషాలపాటు మామూలు చల్లని నీళ్లు పోస్తూనే ఉండాలి. మంచుగడ్డ వద్దు. మన సీమలో నీటి కరువు నాకు తెలియనిది కాదు. రెండు బిందెలే ఉంటే కింద బేసిన్ పెట్టి, ఆ శుభ్రమైన నీళ్లనే ముంచి మళ్లీ పోయండి. ఇంకు, పేస్టు, నెయ్యి, పేడ పూయవద్దు. బొబ్బలు చిదమవద్దు. ఒంటికి అంటుకున్న బట్టను పీకవద్దు. ఉతికిన పలుచని గుడ్డ కప్పి తీసుకుపోండి. చీరకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు, గాలికి మంట పెరుగుతుంది. నేలమీద పడి దొర్లాలి. చూసినవాళ్లు కంబళి కప్పి నీళ్లు పోయాలి.

చివరగా వడదెబ్బ. ఏప్రిల్, మే నెలల ఎండలో మట్టిపనికి, కల్లాలకు పోయేది ఎక్కువగా మన ఆడవాళ్లే. తల తిరిగినా, పిక్కలు పట్టేసినా నీడకు చేరి ఉప్పు వేసిన మజ్జిగ గాని, అంబలి గాని తాగండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపినా సరిపోతుంది. కాని ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మత్తులోకి జారినా అది నిజమైన వడదెబ్బ. చెమట పడుతున్నది కదా అని తేలికగా తీసుకోకండి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఉండండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మన ఇళ్లలో ఆపద వచ్చినప్పుడు "ఆయన సేను నుంచి రానీ, అడిగి పోదాం" అని ఆగే అలవాటు ఉంది. ఆ గంటలోనే ప్రాణం పోవచ్చు. 2005 నుంచి మన రాష్ట్రంలో 108 బండి ఉంది, దానికి డబ్బు కట్టనక్కరలేదు. ఫోను చేసేందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. పోపులడబ్బాలో దారిఖర్చులకు నాలుగు నోట్లు విడిగా పెట్టుకోండి. మీ ఊరికి దగ్గరలో విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో, ఇవ్వాళే ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి. రాత్రిపూట చేత టార్చిలైటు, పడకకు మంచం, దానిమీద దోమతెర ఉంటే సగం ఆపదలు గడప దాటి రావు.

ఈ మాటలు విన్నవాళ్లు వినని పొరుగామెకు కూడా చెబుతారని ఆశిస్తున్నాను.