ఓడిన మరునాటి ఉదయం

(పూతలపట్టులో జరిగిన భక్తుల సభలో విశ్రాంత వ్యాయామోపాధ్యాయిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఆలయ సభలో ఫుట్‌బాల్ గురించి మాట్లాడమని నన్ను ఎందుకు పిలిచారో ఈ ఊరివారికి తెలుసు. పొరుగూళ్ల నుండి వచ్చినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. మన ప్రాంతపు ఉన్నత పాఠశాల బాలికలు పదిహేడేళ్లలోపు విభాగంలో జిల్లా పోటీల తుది ఆట వరకు వెళ్లారు. నిర్ణీత సమయం ముగిసేవరకు ఇరుపక్షాలకూ గోల్ లేదు. టైబ్రేకర్‌లో మూడుకు రెండుగా ఓడిపోయారు. చివరి పెనాల్టీ గోల్ స్తంభానికి తగిలి వెనక్కు వచ్చింది. అంతటితో ముగిసి ఉంటే ఈ ప్రసంగం అవసరమయ్యేది కాదు. ఆ తరువాత రెండు వారాల్లో పదహారు మందిలో ఐదుగురు మైదానానికి రావడం మానేశారు. వారంతట వారు మానలేదు, ఇళ్లలో మాన్పించారు. ఒక తాతగారు నన్ను దారిలో ఆపి, "ఓడిపోయేదానికి ఆడపిల్లల్ని అంత దూరం పంపించాల్నా మేడమ్?" అని అడిగారు. ఆయన మాటలో కోపం లేదు. మనవరాలు మూడు దినాలు సరిగా సంగటి ముట్టలేదన్న బాధ ఉంది. అది అడగదగిన ప్రశ్నే.

దానికి సమాధానం వెదకడానికి మనకంటే చాలా పెద్ద ఓటమిని ఒకదానిని చూద్దాం.

2022 అక్టోబరు 11. భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియం. పదిహేడేళ్లలోపు బాలికల ప్రపంచకప్‌కు మన దేశం ఆతిథ్యమిచ్చింది. ఆతిథ్య జట్టుగా మన బాలికలు తొలిసారి ఆ పోటీలో అడుగుపెట్టారు. ఎదుట అమెరికా జట్టు. విరామానికే ఐదు గోల్స్ పడ్డాయి, ఆట ముగిసేసరికి ఎనిమిది. మనవైపు సున్న. మన జట్టు నాయకురాలు అస్తం ఉరావ్ జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాకు చెందిన గిరిజన బాలిక. ఆమె గౌరవార్థం ఊరికి వేస్తున్న రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే దినకూలీలుగా పనిచేస్తున్నారని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. అటువంటి ఇంటి నుండి వచ్చిన పిల్ల, దేశం చూస్తుండగా, ఎనిమిది గోల్స్ భారంతో మైదానం వీడింది.

మూడు రోజులకు మొరాకోతో ఆట. అందులో విరామం వరకు మనపై ఒక్క గోల్ పడలేదు. తరువాత మూడు పడ్డాయి. 17న బ్రెజిల్‌పై ఐదు. మొత్తం పదహారు గోల్స్ ఇచ్చి, ఒక్కటీ చేయకుండా మన పిల్లలు వెనుదిరిగారు. ఈ లెక్కకు పూత పూయడం నాకు ఇష్టం లేదు. అయితే ముప్ఫై ఏళ్లకు పైగా ఈల పట్టుకుని తిరిగినదానిగా నా కన్ను మొరాకో ఆటలోని ఆ మొదటి నలభై ఐదు నిమిషాల దగ్గర ఆగుతుంది. మూడు రోజుల్లో ఎవరి కాళ్లకూ కొత్త బలం రాదు. ఎవరి వేగమూ పెరగదు. మనసు నిలదొక్కుకోవడం, ఒకరికొకరు తోడుగా నిలబడే తీరు మాత్రమే అంత తక్కువ కాలంలో మారగలవు. అవి మారాయని నేను నమ్ముతున్నాను.

అదే పోటీ తుది ఆట అక్టోబరు 30న నవీ ముంబైలో జరిగింది. స్పెయిన్ ఒకటి, కొలంబియా సున్న. ఆ ఒక్క గోల్ కూడా స్పెయిన్ పిల్లలు కొట్టినది కాదు. ఆట చివరి పది నిమిషాల్లోకి ప్రవేశిస్తున్న వేళ, కొలంబియా బాలిక కాలికి తగిలి బంతి తన గోల్‌లోకే వెళ్లింది. అంతకు ముందు సెమీఫైనల్‌లో అదే కొలంబియా నైజీరియాను పెనాల్టీలతో ఓడించింది. ఒకే వారంలో పెనాల్టీలు ఒక జట్టుకు వరమయ్యాయి, సొంత కాలు శాపమయింది. మన పిల్ల కొట్టిన బంతి స్తంభానికి తగిలిందని బాధపడే పెద్దలు దీనిని గమనించాలి. గోల్ వెడల్పు ఎనిమిది గజాలు, బంతిని ఉంచే చోటు పన్నెండు గజాల దూరం. అంత దగ్గర నుండి 1994 ప్రపంచకప్ తుది ఆటలో ఇటలీకి చెందిన రాబర్టో బాజ్జో బంతిని గోల్ పైనుండి ఆకాశంలోకి కొట్టాడు. ఆ కాలంలో ప్రపంచంలోని శ్రేష్ఠులలో ఆయన ఒకడు. పదో తరగతి పిల్లను ఏమని తప్పుపడతాం?

ఇక మన తెలుగునేల సంగతి. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట బడిపంతులు, తరువాత భారత జట్టు శిక్షకులు. ఆయన జీవితంపై ఇటీవల హిందీలో సినిమా కూడా వచ్చింది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో ఒకటికి పదిగా ఓడింది. మనవారిలో చాలామంది ఆ చలిదేశంలో బూట్లు లేని కాళ్లతో ఆడారు. ఆ ఓటమి తరువాత మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. వట్టికాళ్ల ఆటే మన గొప్ప అన్న గర్వం ఆ పది గోల్స్‌తో పోయింది. పోవలసిందే. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు నాకు మరింత ఇష్టమైన కథ. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్స్‌తో ఓటమి. సెప్టెంబరు 4న తుది ఆటలో అదే కొరియాపై రెండుకు ఒకటిగా గెలిచి స్వర్ణపతకం. రహీం గారు అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. తొలి ఆట ఓడగానే జట్టును ఇంటికి తీసుకువచ్చి ఉంటే ఆ పతకం ఎక్కడిది?

గెలుపోటములను సమానంగా చూడమని గీతాచార్యుడు చెప్పిన మాట మనందరికీ కంఠస్థం. అయితే ఆ మాట చెప్పిన సందర్భాన్ని మరచిపోతున్నాం. యుద్ధం ముగిశాక ఓదార్పుగా చెప్పినది కాదు అది. విల్లు కింద పెట్టి కూర్చున్నవాడిని లేపి నిలబెట్టడానికి, యుద్ధానికి ముందు చెప్పినది. మనమేమో ఓడివచ్చిన పిల్లతో "గెలుపోటములు దైవాధీనం తల్లీ, పోనీలే" అని, ఆ మాటతోనే ఆమెను ఇంట కూర్చోబెడుతున్నాం.

మనకు కూతవేటు దూరంలో కాణిపాకం ఉంది. వరసిద్ధి వినాయకుని ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎంతటివాడైనా జంకుతాడు. ఆ స్వామి సన్నిధిలో నిలబడి చెప్పవలసి వస్తే, మన పిల్లలు ఎందుకు ఓడారని చెబుతాం? రెఫరీ మోసం చేశాడని చెప్పగలమా? చివరి పెనాల్టీ కొట్టిన పిల్లే కారణమని ప్రమాణం చేయగలమా? నేనైతే ఇలా చెబుతాను: చివరి పావుగంటలో మన పిల్లలు పరుగెత్తలేకపోయారు. అవకాశం దొరికిన రెండుసార్లూ బంతి దగ్గరకు ఒక అడుగు ఆలస్యంగా చేరారు. నలుగురు అరువు బూట్లతో ఆడారు. అందులో ఒకరి బూట్లు రెండు సైజులు పెద్దవి, ముందు గుడ్డ కుక్కుకుని ఆడింది. టైబ్రేకర్ వరకు వెళ్లాక పెనాల్టీ తగలడం, తగలకపోవడం చిన్న విషయం.

పరుగు ఎందుకు తగ్గిందంటే, దానికి సమాధానం మైదానంలో కాదు, వంటింట్లో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిమంది స్త్రీలలో దాదాపు ఆరుగురికి రక్తహీనత. కౌమార బాలికల పరిస్థితీ అదే. రక్తంలో ఇనుము తక్కువైతే కండరాలకు ప్రాణవాయువు చాలినంత అందదు. ఆట మొదట్లో తెలియదు, చివర్లో కాళ్లు బరువెక్కుతాయి. బడిలో ఇచ్చే ఇనుము మాత్రను కడుపులో తిప్పుతుందని పిల్లలు పారేస్తుంటారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. రాగిసంగటి, మునగాకు, వేరుశనగ, బెల్లం మన ఇళ్లలో ఉన్నవే. పక్కన నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి మరింత పడుతుంది. టీ మాత్రం భోజనంతో వద్దు. మగపిల్లవాడికి ముందు వడ్డించి, మిగిలింది ఆడపిల్లకు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. ఆ ఇళ్లవారు కూడా ఈ సభలో ఉండవచ్చు.

ఇదంతా చేసి ఏమవుతుందని అడగవచ్చు. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య మొదట పరుగు పందేల పిల్ల. తరువాత ఫుట్‌బాల్‌కు వచ్చి, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టు వరకు వెళ్లింది. 2024-25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికయింది. మన రాయలసీమలోనే అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ మైదానాల్లో పల్లెల ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. మన పిల్లలందరూ సౌమ్య కారు. అవాలని నేను కోరడమూ లేదు. పదిహేనేళ్ల వయసులో అందరి ముందు ఓడి, మరునాడు ఉదయం అదే మైదానానికి నడిచివచ్చిన పిల్లకు పరీక్షలో మార్కులు తగ్గినా, ఉద్యోగం మొదటిసారి రాకపోయినా, రేపు మెట్టినింట మాట పడినా ఏం చేయాలో కొంత తెలిసి ఉంటుంది. తాతగారి ప్రశ్నకు నా సమాధానం ఇదే: పంపించాల్సిందే. ఆ మరునాటి ఉదయం కోసం పంపించాలి.

దాతలు ఏదైనా చేయాలనుకుంటే శాలువాలు, జ్ఞాపికలు వద్దు. రెండో స్థానపు కప్పును పెట్టడానికే బడిలో బీరువా లేదు. పదహారు జతల బూట్లు, గోల్ స్తంభాలకు రెండు వలలు, సాయంత్రం సాధన ముగిశాక దూరపు పల్లెల పిల్లలను ఇళ్ల దగ్గర దింపడానికి ఒక ఆటో కావాలి. ఐదుగురిలో ముగ్గురిని మాన్పించింది ఓటమి కాదు, చీకటి పడ్డాక దారి భయం. ఆ తల్లులు నాతో స్వయంగా చెప్పారు.

పిల్లల పాదాల కొలతలు కాగితం మీద రాసి తెచ్చాను. మానేసిన ఐదుగురివీ అందులో ఉన్నాయి. సోమవారం ఉదయం ఆరు గంటలకు మొదట పరుగు, ఆ తరువాత పెనాల్టీలు. మొదటి పెనాల్టీ ఎవరు కొట్టాలో ఆ అమ్మాయికి ముందే చెప్పాను.